రబ్బరక్క తుడవని వాక్యం

సంతకం లేని కాగితం మీద ఒక్క వాక్యం రాసి రబ్బరక్క చేతిలో పెట్టండి. రాసింది ఆడో మగో, పొద్దున ఇంట్లో ఎవరితో గొడవపడి వచ్చారో, కుర్చీలో కాళ్లు మడుచుకుంటారో వేలాడేస్తారో, అంతా చెప్పేస్తుంది. ఒకసారి ఎవరో "బాగానే ఉంది" అని రెండే రెండు ముక్కలు రాస్తే, ఈయనకు వచ్చే నెలలో పన్ను పీకాల్సి వస్తుందని చెప్పింది. పీకారు. పై దవడ, ఎడమ వైపు. ఇరవై రెండు వేల మంది మనసులు ఆవిడకు కంఠతా వచ్చు. నమ్మకపోతే ఆ ఇరవై రెండు వేల మందిలో ఎవరినైనా అడిగి చూడండి. అందరూ పేరు లేకుండా రాసినవాళ్లే కాబట్టి ఒక్కరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఆవిడ పనిచేసే కంపెనీ అంత పెద్దది. జనం ఫోన్లలో రోజూ వేలితో నొక్కే బొమ్మల్లో సగం అక్కడ పుట్టినవే. ఏడు అద్దాల భవనాలు, మధ్యలో ఎవరూ నడవని పచ్చిక. ఏడాదికొకసారి ఆ కంపెనీ తన మనుషుల్ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది: ఇక్కడ పనిచేయడం మీకు నిజంగా ఎలా ఉంది? పేరు రాయక్కర్లేదు, ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, కడుపులో ఉన్నదంతా కక్కేయండి అంటుంది. జనం కక్కేస్తారు. ఆ కక్కిందంతా రెండో భవనం నాలుగో అంతస్తులో, ఫొటోకాపీ యంత్రం పక్కన కిటికీ లేని ఒక గదికి చేరుతుంది. ఆ గదిలో ముగ్గురు కూర్చుంటారు. గోడ వైపు సీటు రబ్బరక్కది.

ఆ పేరు రావడానికి కారణం ఆవిడ పనే. రాసినవాళ్లను పట్టించే గుర్తులన్నీ తుడిచేయాలి. పేరు, ఊరు, అంతస్తు, ఎన్నేళ్ల సర్వీసు, ఎంతమంది పిల్లలు, ఏ జబ్బు, ఏ నెలలో ఏం జరిగింది, ఏదీ మిగలకూడదు. ముందు ఒక మిషను చదివి, అనుమానం ఉన్నచోట పసుపు రంగు పూస్తుంది. తర్వాత మనిషి చదివి తుడుస్తుంది. అలా తుడిచినవన్నీ ఒక చిన్న పుస్తకంగా కుట్టి మేనేజర్లందరికీ పంచుతారు. అంతకు ముందు ఆవిడ పాఠ్యపుస్తకాలు వేసే ప్రెస్సులో పదకొండేళ్లు ప్రూఫులు దిద్దింది. ప్రెస్సు మూతపడితే ఇక్కడికి వచ్చింది. అక్కడ తప్పులు తీసేసేది, ఇక్కడ మనుషుల్ని తీసేస్తుంది అని వాళ్లాయన ఎగతాళి చేస్తుంటాడు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కడమే పాతికేళ్లుగా ఆయన ఉద్యోగం. ఇంట్లో టీవీ చూస్తున్నా, తెర మీద కారు మలుపు తిరిగితే ఈయన కుడికాలు నేలను నొక్కుతుంది. ఇంటి నేల ఆ చోట అరిగి గుంటపడింది.

మరి ఆ ఇరవై రెండు వేల మంది ఏం రాస్తారు? బయటివాళ్లు అనుకున్నట్టు బూతులేం ఉండవు. ఎక్కువమంది ముందు క్షమాపణ చెప్పుకుంటారు. "ఇలా రాయడం తప్పేమో, నా చిన్నప్పటి స్నేహితులకు ఇందులో సగం ఉద్యోగం కూడా లేదు" అని మొదలుపెట్టి, తర్వాత మూడు పేజీలు రాస్తారు. ఒకావిడ, మూడేళ్లు ఒకే ఒక్క బటన్ మీద పనిచేశాననీ, దాన్ని ఒక ఉదయం తీసేశారనీ, ఆ సంగతి తనకు ఎవరూ చెప్పలేదనీ, ఫోను తెరిచి చూసుకుంటే తెలిసిందనీ రాసింది. ఒకాయన, ఆఫీసులో మెత్తటి బస్తా కుర్చీలు వేశారు, వాటిలో కూర్చుంటే లేవలేం, లేవలేం కాబట్టి ఇంటికి పోలేం అని రాశాడు. వచ్చే ఏడాది తప్పకుండా మానేస్తానని ఒక మనిషి ఏడేళ్లుగా రాస్తున్నాడు. రబ్బరక్క ఏటా ఆ "ఏడేళ్లుగా" తుడిచేస్తుంది. అది గుర్తు కదా.

ఆ భవనాల్లో ఆవిడకు తోడంటూ ఉన్నది గొంతు బాబాయి. చుట్టమేం కాదు. కొత్తగా చేరిన రోజుల్లో క్యాంటీన్లో డబ్బా పట్టుకుని కూర్చోవడానికి చోటు వెతుక్కుంటుంటే, ఇటు రా అమ్మాయ్ అని బెంచీ మీద తన సంచీ తీసి చోటిచ్చాడు. అంతే, తొమ్మిదేళ్లుగా ఆ బెంచీ ఇద్దరిదీ. చూపులేనివాళ్ల కోసం ఫోను తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే గొంతు ఒకటి కంపెనీ తయారు చేస్తుంది. ఆ గొంతు సరిగా పలుకుతోందా లేదా అని పరీక్షించడం బాబాయి పని. ఆయన కళ్లు మూసుకుని పనిచేస్తాడు. కొత్తగా వచ్చిన వాళ్లు నిద్రపోతున్నాడనుకుని ఫొటోలు తీసిన రోజులున్నాయి. చూపులేని పన్నెండు మంది ఆయనకు నేరుగా ఫోను చేసి, ఇదిగో ఇక్కడ మీ గొంతు తడబడింది, అదిగో అక్కడ మింగేసింది అని చెబుతుంటారు. వాళ్లలో ఒక టెలిఫోను ఆపరేటరమ్మ ఉంది, పియానోలు శ్రుతి చేసే ఆయన ఉన్నాడు. బాబాయి ఆ పన్నెండు మంది గురించి సొంత తోబుట్టువుల గురించి చెప్పినట్టు చెబుతాడు, కొంచెం ఫిర్యాదుగా, బోలెడంత గర్వంగా.

ఆ ఏడాది వచ్చిన జవాబుల్లో ఒకటి ఇలా ఉంది:

"ప్రతి శుక్రవారం మీటింగులో, ఎంత సంతోషంగా ఉన్నామో ఒకటి నుంచి ఐదు దాకా వేళ్లెత్తి చూపించాలి. ఐదు చూపిస్తే కొత్త పని అంటగడతారు. మూడు చూపిస్తే ఏమైంది మాట్లాడుకుందామా అని విడిగా పిలుస్తారు. అందుకని అందరం నాలుగు చూపిస్తాం. మార్చిలో మా అమ్మ పోయింది. ఐదు రోజుల సెలవు తర్వాత వచ్చిన శుక్రవారం కూడా నా చెయ్యి నాలుగు వేళ్లు ఎత్తింది. నేను ఎత్తమనలేదు, అదే ఎత్తింది. అప్పటి నుంచి నా చెయ్యి నాకు పరాయివాళ్ల చెయ్యిలా ఉంది."

ఈ జవాబు ఎవరిదో చెప్పడానికి ఏ విద్యా అక్కర్లేదు. మార్చిలో బాబాయి ఐదు రోజులు బెంచీ మీదకు రాలేదు. వచ్చాక కూడా వారం రోజులు డబ్బా తెరిచి, మూసి, తీసుకెళ్లిపోయాడు.

మిషను అప్పటికే "మార్చిలో మా అమ్మ పోయింది" మీద, "ఐదు రోజుల సెలవు" మీద పసుపు పూసింది. రబ్బరక్క తుడిచింది. పద్ధతి ప్రకారం "ఒక వ్యక్తిగత సంఘటన తర్వాత కూడా నేను సంతోషంగా ఉన్నట్టు చూపించాను" అని మార్చింది. చదువుకుంది. ప్రాణం పోయిన వాక్యం. ఇలాంటివి ఆ గదిలో రోజుకు మూడు వందలు తయారవుతాయి, చదివిన మేనేజరు ఎవరూ ఆవలించకుండా పేజీ తిప్పరు. పావుగంట అలాగే కూర్చుని, ఎవరూ చూడటం లేదని పక్కలకు చూసి, పాత వాక్యాన్ని తిరిగి పెట్టేసింది. పసుపు రంగు కూడా తనే తీసేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. పుస్తకం మొదటి పేజీలో, పెద్ద అక్షరాలతో, ఆ ఏటి మేటి మాట అని ఒకటి వేస్తారు. ఏది వేయాలో ఎంచేది రబ్బరక్కే.

పుస్తకం పంచిన మూడో రోజుకు కంపెనీ అంతా అదే మాట. ఏడో భవనంలో పెద్దవాళ్లు చదివి కళ్లు తుడుచుకున్నారని కబురొచ్చింది. ఒక పెద్దాయన ఏడ్చిన ఏడుపుకు పై అంతస్తు తివాచీ మార్చాల్సి వచ్చిందట. విభాగం అధిపతి ఆ కిటికీ లేని గదికి స్వయంగా వచ్చి, తొమ్మిదేళ్లలో ఇలాంటి పుస్తకం రాలేదని చెప్పి, రబ్బరక్క చెయ్యి పట్టుకుని ఊపాడు. శుక్రవారం వేళ్లెత్తే పద్ధతి అన్నిచోట్లా తీసేశారు. దాని బదులు ఇప్పుడు ఫోనులో ఐదు మొహాల బొమ్మలు వస్తాయి, ఒకటి నొక్కాలి. అందరూ నాలుగో మొహం నొక్కుతున్నారు.

బాబాయి మేనేజరమ్మ కూడా ఆ పేజీ చదివింది. చెడ్డ మనిషి కాదు. ఆయన తల్లి పోయినప్పుడు కార్డు కొని, అందరి చేతా సంతకాలు పెట్టించింది ఆవిడే. మార్చి, అమ్మ, ఐదు రోజులు అని చదవగానే ఎవరో తెలిసిపోయింది. ఆ శుక్రవారం ఎదురుగా కూర్చుని ఆ నాలుగు వేళ్లూ లెక్కపెట్టి రాసుకున్నది తనే. బాత్రూములో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, బాబాయిని పిలిచి, మీకు విశ్రాంతి కావాలండీ, నాకు ముందే తట్టి ఉండాల్సింది అంది. ఒక్క మాట కోపంగా అనలేదు. వారం తిరక్కుండా ఆయన్ను ఐదో భవనంలో ప్రశాంతమైన విభాగానికి మార్చేసింది. పాత పత్రాల మీద తేదీలు సరిగా ఉన్నాయో లేదో చూడటం అక్కడి పని. ఫోన్లు మోగవు, మీటింగులు ఉండవు. ఆ పన్నెండు మంది నంబరు ఇంకొకరి బల్ల మీదకు పోయింది.

బాబాయి ఐదో భవనం నుంచి పచ్చిక దాటుకుని బెంచీ దగ్గరకు వచ్చేవాడు. మొదటి రోజు డబ్బా తెరుస్తూ అన్నాడు.

"పని కష్టమేం కాదు అమ్మాయ్. కానీ వాళ్లు ఫోను చేస్తే ఇంకెవరో ఎత్తుతున్నారు. నేను చెప్పాపెట్టకుండా పోయాననుకుంటారు."

రబ్బరక్క తల వంచుకుని తింటోంది.

"మీ గదిలో తుడిచేస్తారుగా ఇలాంటివి?" అన్నాడు.

"తుడుస్తాం బాబాయ్. ముందు మిషను చూస్తుంది, తర్వాత మేం."

"అయితే మిషనే వదిలేసుంటుంది."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిస్తే చాలు. ఆవిడ తెరిచింది కూడా. బయటికి వచ్చింది మాత్రం వేరే మాట.

"అంతే అయ్యుంటుంది."

"పోనీలే. మిషనుకు అమ్మ ఉంటుందా ఏమన్నా," అని బాబాయి నవ్వి, తన డబ్బాలోంచి ఒక ముక్క తీసి ఆవిడ మూత మీద పెట్టాడు. ఇరవై రెండు వేల మంది లోపల దాచుకున్నవన్నీ ఏరిపారేసే మనిషి, తన ఒక్కదాని మాట మాత్రం మిషను మీదకు నెట్టేసింది. ఆ మధ్యాహ్నం సీట్లో కూర్చుంటే, పసుపు రంగు పూసిన ప్రతి వాక్యమూ ఆవిడ వంక వేలెత్తి చూపినట్టే ఉంది. కనపడ్డదల్లా తుడిచేసింది. గుర్తు లేనివి కూడా తుడిచింది. పక్క సీటావిడ చూసి, ఇదేంటక్కా, "నాకు టీ ఇష్టం" అన్నది కూడా తీసేశావు అని ఆశ్చర్యపోయింది.

రెండు వారాలు గడిచాయి. అంతకాలం బెంచీ మీద బాబాయి ఐదో భవనం గురించి జోకులే వేశాడు. అక్కడ ఎంత ప్రశాంతమంటే గోడ గడియారం ముల్లు కూడా చెప్పులు విప్పి నడుస్తుందన్నాడు. రబ్బరక్క నవ్వేది, ఇంటికెళ్లి ఆ నవ్వినందుకు బాధపడేది. తర్వాత ఒక గురువారం ఆయన జోకు వేయలేదు. టెలిఫోను ఆపరేటరమ్మ ఆయన సొంత నంబరు ఎలాగో కనుక్కుని ఇంటికి ఫోను చేసిందట. మీకు మా మీద కోపం వచ్చిందా అని అడిగిందట. అందుకని బాబాయి ఫిర్యాదు పెట్టాలనుకున్నాడు. మిషను తప్పువల్ల తన గుట్టు బయటపడిందనీ, కాబట్టి తన పని తనకు తిరిగి ఇవ్వాలనీ రాస్తే వింటారని ఎవరో చెప్పారు.

"నువ్వు రాసిపెట్టు అమ్మాయ్. నేను రాస్తే మళ్లీ అమ్మ గురించి రాసేస్తాను."

రబ్బరక్క లోపల లెక్క వేసుకుంది. ఫిర్యాదు వెళితే రికార్డు తీస్తారు. రికార్డులో అంతా ఉంటుంది: పదకొండూ పదికి తుడిచింది, పదకొండున్నరకు ముందే తిరిగి పెట్టింది, పసుపు తీసేసింది, పక్కన ఆవిడ నంబరు. ఉద్యోగం పోతుంది. అది ఒక ఎత్తు. ఆ కాగితం ఎవరి చేతి మీదుగా బాబాయికి చేరుతుందో తెలియదు, అది ఇంకో ఎత్తు. రాయనంటే ఎందుకని అడుగుతాడు. మిషను తప్పేనని రాస్తే, అబద్ధం కింద ఆయన సంతకం ఉంటుంది.

ఆదివారం పొద్దున వాళ్లాయన స్కూలు కారు కడుగుతుంటే వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంది. తలుపు తెరిచే ఉంచి మొత్తం చెప్పింది. ఆయన తడిగుడ్డ పిండుతూ విన్నాడు. చివర్లో ఆవిడ, బాబాయి మంచికే చేశాను, పెద్దవాళ్లు చదివితే ఏదైనా మారుతుందనుకున్నాను అంది.

"నా దగ్గర నేర్చుకునేవాళ్లందరూ గుద్దేశాక అదే చెప్తారు," అన్నాడు ఆయన. "పక్కవాడికి దారిద్దామనే తిప్పాను సార్, అని."

ఆవిడ స్టీరింగు పట్టుకుంది. నీళ్లు అద్దం మీంచి కారుతున్నాయి.

"మంచికి కాదు," అంది. "అంత బాగా ఎవరూ రాయలేదు. అది నా పేజీలో ఉండాలనిపించింది. ఆయనదని తెలిసే పెట్టాను."

వాళ్లాయన కాలు ఏ బ్రేకునూ వెతకలేదు. గుడ్డ బకెట్లో పడేసి పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. చెప్పకపోతే ఏమవుతుంది అని అడిగాడు. ఏమీ కాదు, ఆయన నాతో రోజూ భోంచేస్తాడు అంది. అదెలా ఉంటుందో నీకు తెలుసుగా, రెండు వారాలు చేశావు అన్నాడు.

సోమవారం రబ్బరక్క ఫిర్యాదు రాసింది. జీవితంలో ఎవరి గుర్తులూ తుడవకుండా రాసిన మొదటి కాగితం అదే. మర్యాదలు పోను అందులో ఉన్నది ఇంతే: "నా జవాబులో గుర్తులను మిషను పట్టుకుంది. తుడవాల్సిన ఉద్యోగి తుడిచి, అది నాదని తెలిసి కూడా తిరిగి పెట్టింది. మొదటి పేజీకి ఎంచింది కూడా ఆమే. నా పాత పని నాకు ఇప్పించగలరు." ఆ ఉద్యోగి పేరు, నంబరు, సీటు ఏ గదిలో ఏ గోడ వైపో కూడా రాసింది. కింద బాబాయి సంతకానికి చోటు వదిలింది.

బెంచీ దగ్గర ఇవ్వలేకపోయింది. అక్కడ జనం ఉంటారు. మూడో అంతస్తు మెట్ల మలుపులో, అగ్గి పుడితే తీసే ఎర్ర గొట్టం పక్కన నిలబెట్టి ఇచ్చింది. బాబాయి జేబులోంచి కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు. ఒకసారి చదివాడు. పేరు దగ్గర ఆగాడు. తలెత్తకుండా అడిగాడు.

"ఆ రోజు మిషనన్నావుగా?"

"అబద్ధం చెప్పాను బాబాయ్."

ఇక ఆ తర్వాత జరిగింది చూడాలి. ఏడు భవనాల్లో లిఫ్టులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బాబాయి ఆ కాగితాన్ని రెండుగా, నాలుగుగా, పదహారుగా చించి, మెట్ల సందులోంచి కిందికి వదిలాడు. ముక్కలు మూడు అంతస్తులూ పూలవానలా తేలుతూ దిగాయి. మా అమ్మ గురించి నాలుగు మాటలు పెద్ద అక్షరాల్లో అచ్చయ్యాయంటే నీ వల్లే కదే పిచ్చిదానా అని రబ్బరక్క నెత్తి మీద మొట్టాడు. ఇద్దరూ ఏడ్చారు, అంతలోనే నవ్వారు. కబురు తెలిసి మేనేజరమ్మ పచ్చిక మీద చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, ఆయన ఫోను ఆయన చేతిలో పెట్టింది. పెట్టీపెట్టగానే అది మోగింది. పన్నెండు మందీ ఒకేసారి మాట్లాడారు. కథను ఇలా ముగించి రబ్బరక్కకు చదివి వినిపిస్తే, ఆవిడ చేతిలో ఉన్న పని ఆపకుండా అన్నది ఇది:

"ఏం చించలేదు. మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఫిర్యాదు పెట్టలేదు, బెంచీ దగ్గరికీ రాలేదు. ఆయన ఐదో భవనంలోనే ఉన్నాడు. నేను ఇదే సీట్లో ఉన్నాను."